పేపర్ అవుట్‌లైన్: మాటల్లో రాయాలా, వాక్యాల్లో రాయాలా?

రీసెర్చ్ పేపర్‌కి అవుట్‌లైన్ అనగానే చాలామంది ఐదారు హెడ్డింగులు వరసగా వేసి, కింద రెండేసి మాటలు రాసి ఊరుకుంటారు. నేనూ అంతే. నా మొదటి పేపర్ అవుట్‌లైన్ అరగంటలో అయిపోయింది, గైడ్ చూసి బాగుందన్నారు కూడా. తీరా రాయడానికి కూర్చుంటే మూడో భాగం దగ్గర బండి ఆగింది. అక్కడ "ఫోన్ వాడకం – నిద్ర" అని ఉంది. సరే, ఆ రెండింటి గురించి ఏం చెబుదామనుకున్నాను? కాగితం మీద లేదు. బుర్రలోనూ లేదని అప్పుడే తెలిసింది.

అదే చోట ఇలా రాసుంటే: "మా సర్వేలో, ఫోన్ ఎంతసేపు చూశారన్న దానికన్నా ఏ వేళకి చూశారన్న దానికే నిద్రతో ఎక్కువ సంబంధం కనిపించింది." ఇక ఏ టేబుల్ పెట్టాలో అడగక్కర్లేదు. రివ్యూయర్ వేయబోయే ప్రశ్న కూడా ముందే వినిపిస్తుంది: అసలే నిద్ర పట్టనివాళ్లు అర్ధరాత్రి ఫోన్ పట్టుకుంటున్నారేమో కదా? వాక్యాల అవుట్‌లైన్ బలం ఇదే. వాదన లేని చోట వాక్యం రాదు.

అలాగని మొదటి రోజే వాక్యాలు మొదలుపెడితే ఇంకో తంటా. చదవాల్సింది సగం మిగిలుండగానే తీర్పు రాసేస్తాం, కష్టపడి రాశాం కాబట్టి కొట్టేయడానికి చేయి రాదు. చదువుతున్నన్నాళ్లూ మాటలే మేలు. అటూ ఇటూ జరపడం తేలిక.

సైన్స్ పేపర్లలో ఈ పేచీ కొంత తక్కువ. ఇంట్రడక్షన్, మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్ అనే చట్రం ముందే ఉంది. అమెరికాలో 1972లోనే అది ప్రమాణంగా వచ్చింది. మెథడ్స్‌కి మాటలు చాలు. ఇంట్రడక్షన్ చివర, డిస్కషన్ మొత్తం మాత్రం వాక్యాల్లోనే రాయండి, పేపర్లు ఎక్కువగా కుంటేది అక్కడే. కెమిస్ట్ జార్జ్ వైట్‌సైడ్స్ 2004లో అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్ జర్నల్లో ఇంకో దారి చెప్పారు: అవుట్‌లైన్‌లో రాత తక్కువ ఉండాలి, డేటాని వరసగా అమర్చాలి, దాంతోపాటు లక్ష్యాలు, ఊహలు, ముగింపులు ఉండాలి. గ్రాఫులు చేతిలో ఉన్నవాళ్లకి రెండింటికన్నా ఇదే మంచిదని నా అభిప్రాయం. చరిత్ర, సాహిత్యం లాంటి వాటిలో ఆ చట్రమూ ఉండదు, గ్రాఫులూ ఉండవు. వాళ్లకి వాక్యాలు తప్పవు.

హెడ్డింగులకి నంబర్లు వేయడానికి రోమన్ అంకెలా, 1.1, 1.2 పద్ధతా అని కొట్టుకునేవాళ్లూ ఉంటారు. జర్నల్ ఏది వాడితే అది వాడి ముందుకెళ్లండి.

డ్రాఫ్ట్ అయ్యాక తిరగేసి రాసే అవుట్‌లైన్ ఒకటుంది, దాన్ని మాత్రం వదలొద్దు. ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో "ఇది ఏం చెబుతోంది" అని ఒక్క వాక్యం రాయాలి. నా మొదటి పేపర్‌కి అలా చేస్తే నాలుగో పేరా పక్కనా తొమ్మిదో పేరా పక్కనా ఒకే వాక్యం వచ్చింది. తొమ్మిదోది తీసేశాను. గైడ్‌తో సహా ఎవరూ అది ఏమైందని అడగలేదు.