డబ్బా మీద 6000, స్క్రీన్ మీద 4800: జి.స్కిల్ ఫ్లేర్ ఎక్స్5 32 జీబీ కిట్

రెండు స్టిక్కుల ఈ డీడీఆర్5 ర్యామ్ కిట్ బిగించి, విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే మెమరీ స్పీడు 4800 అని కనిపిస్తుంది. డబ్బా మీదేమో 6000. మోసం కాదు, పాడైన స్టిక్కూ కాదు. 4800 అనేది 1.1 వోల్టుల మీద ఈ ర్యామ్ మామూలుగా లేచే వేగం. 6000 అంటే ఓవర్‌క్లాక్, మామూలు వేగాన్ని దాటించడం. ఆ సెట్టింగులన్నీ ఎక్స్‌పో అనే ప్రొఫైల్‌గా స్టిక్కులోనే రాసి ఉంటాయి, బయోస్‌లోకి (విండోస్ లేవకముందు వచ్చే బోర్డు సెట్టింగుల మెనూ) వెళ్ళి మనమే ఆన్ చేసుకోవాలి. చేశాక సీపీయూ-జడ్ అనే టూల్‌లో చూస్తే 3000 మెగాహెర్ట్జ్ అని వచ్చి ఇంకో కంగారు పుడుతుంది. డీడీఆర్‌లో ఒక్కో క్లాక్‌కి డేటా రెండుసార్లు కదులుతుంది, 3000ని రెట్టింపు చేస్తే 6000. లెక్క సరిపోయింది.

కొనేటప్పుడు పార్ట్ నంబరు చూడండి. మనం మాట్లాడుకుంటున్న కిట్‌లో జె అక్షరం తర్వాత 3038 అని ఉంటుంది. అంటే సీఎల్30 (అడిగిన డేటా రావడానికి 30 క్లాక్‌లు ఆగాలి), టైమింగులు 30-38-38-96, వోల్టేజీ 1.35. ఇదే పేరుతో, ఇదే నల్లటి హీట్ స్ప్రెడర్‌తో 3636 కిట్ కూడా అమ్ముతారు. రెండూ పక్కపక్కన పెడితే స్టిక్కర్ చదివితే తప్ప తేడా తెలీదు.

ఆ తేడా ఎంత? సీఎల్‌ని 2000తో గుణించి వేగంతో భాగించండి, ఆగే సమయం నానోసెకన్లలో వస్తుంది. 6000 సీఎల్30కి 10 నానోసెకన్లు, సీఎల్36కి 12. డీడీఆర్5 మొదటి రోజుల్లో వచ్చిన 4800 సీఎల్40కి దాదాపు 16.7. తమాషా ఏంటంటే, పాత డీడీఆర్4 3200 సీఎల్16 కూడా సరిగ్గా 10 దగ్గరే ఉంటుంది. కాబట్టి డీడీఆర్5కి మారితే ర్యామ్ చురుగ్గా జవాబిస్తుందని కాదు, ఒకేసారి ఎక్కువ మోస్తుంది. రెండు స్టిక్కులకీ కలిపి సెకనుకి 96 జీబీ. ఏఎండీ రైజెన్ 7600, 7700 లాంటి ఒకే చిప్లెట్ (కోర్లు ఉండే చిప్ ముక్క) ఉన్న ప్రాసెసర్లలో ఆ మొత్తం కూడా చేతికి రాదు. ఆ చిప్లెట్‌ని మెమరీ వైపు కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ 2000 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంటే, దాని గుండా చదవగలిగేది సెకనుకి 64 జీబీ వరకే. అందుకే ఈ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డు మీద 7200 స్టిక్కులకి పోసే డబ్బు చాలావరకు వృథా. పైగా అంత వేగానికి ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ర్యామ్‌తో సమానంగా పరుగెత్తలేక సగం క్లాక్‌కి దిగిపోతుంది, దాంతో లేటెన్సీ (జవాబుకి పట్టే సమయం) పెరుగుతుంది. 6000 దగ్గర రెండూ 3000 మీద జతగా నడుస్తాయి. ఈ కిట్ అంకె సరిగ్గా అక్కడ కూర్చుంది, దీని బలం అదే.

బిగించడానికి సీపీయూ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లు వాడండి. ఎత్తు 33 మిల్లీమీటర్లే కనుక పెద్ద ఎయిర్ కూలర్ కిందకూ దూరిపోతుంది. లైట్లు లేవు, లేకపోవడమే మంచిది. మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉండిపోతుంది, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలుగుతూ ఉంటుంది. అది మెమరీ ట్రైనింగ్, బోర్డు ఈ ర్యామ్‌కి తగిన సెట్టింగులు వెతుక్కోవడం. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే: చెడిపోయిందనుకుని మధ్యలో స్విచ్ కట్టేస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది. పదిహేను నిమిషాలైనా ఆగండి.

ఎక్స్‌పో జోలికి వెళ్ళేముందు బయోస్ అప్‌డేట్ చేయాలి, కరెంటు పోయే ఊళ్ళో అయితే యూపీఎస్ మీద పెట్టి మరీ. ఇది చాదస్తం కాదు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని కాలిపోయాయి. ఎక్స్‌పో ఆన్ చేయగానే కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) అతిగా పెంచేయడం అందులో పెద్ద కారణం. ఆ తర్వాత వచ్చిన బయోస్‌లలో ఏఎండీ దాన్ని 1.3 దగ్గర కట్టేసింది. అయినా ఆటోకి వదలకండి. ఎస్ఓసీ వోల్టేజీకి 1.20 అని చేత్తో టైప్ చేయండి, నిలకడ లేకపోతే 1.25 దాకా వెళ్ళండి. విండోస్‌లోకి వచ్చాక హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే టూల్‌లో ఆ అంకె మరోసారి చూసుకోండి. జెన్‌టైమింగ్స్ అనే ఇంకో టూల్‌లో ఎంక్లాక్ (ర్యామ్ క్లాక్), యూక్లాక్ (కంట్రోలర్ క్లాక్) రెండూ 3000 ఉండాలి. యూక్లాక్ 1500 అని కనిపిస్తే ర్యామ్ 6000లో ఉన్నా కంట్రోలర్ సగంలోనే ఉన్నట్టు, బయోస్‌లో రెంటినీ సమానం చేయండి.

టెస్టు రెండుసార్లు చేయాలి. ఒకటి ఎక్స్‌పో ఆన్ చేయకముందే, 4800 దగ్గర. అక్కడే ఎర్రర్ వస్తే స్టిక్కు మార్పించుకోవాల్సిందే, సెట్టింగులతో కుస్తీ పట్టొద్దు. రెండోది 6000 దగ్గర: మెమ్‌టెస్ట్86 ఉచిత వెర్షన్లో నాలుగు పాస్‌లు, రాత్రి పెట్టి పడుకోండి. తర్వాత విండోస్‌లో టెస్ట్‌మెమ్5 ఓ రెండు గంటలు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. గేమ్ బాగానే ఆడుతోందిగా అని వదిలేస్తే, కొన్ని వారాలకి జిప్ ఫైళ్ళు తెరుచుకోవు, విండోస్ అప్‌డేట్ సగంలో చస్తుంది, అప్పుడు ర్యామ్ మీద అనుమానమే రాదు. ఫెయిలైతే వేగం 5800కి, తర్వాత 5600కి దించండి, 1.35 మించి ర్యామ్ వోల్టేజీ ఎక్కించకండి. అసలు బూట్ కాకపోతే పవర్ కేబుల్ పీకి, బోర్డు మీద క్లియర్ సీమాస్ అని రాసున్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు తాకించండి. అంతా 4800కి తిరిగొస్తుంది.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. డిసెంబరులో పాసైన సెట్టింగు మే నెలలో, ఏసీ లేని విజయవాడ గదిలో ఫెయిలవ్వచ్చు. డీడీఆర్5లో వోల్టేజీ చిప్ స్టిక్కు మీదే ఉంటుంది, దానికి తోడు గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలి నేరుగా ర్యామ్ మీదికే వస్తుంది. ఈ కిట్ హీట్ స్ప్రెడర్ పలచనిది, మామూలు వాడకానికి చాలు. గేమ్ నడుస్తుండగా స్టిక్కు ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటుతుంటే కేబినెట్‌కి పైనో ముందో ఇంకో ఫ్యాన్ పెట్టండి. టీరెఫీ (ర్యామ్ సెల్స్‌లో ఛార్జి మళ్ళీ నింపే రిఫ్రెష్‌ల మధ్య విరామం) పెంచితే ఉచితంగా వేగం వస్తుందని చదివి మురిసిపోయేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిందీ ఇదే: ఆటోలో దాదాపు 11,700 ఉండే ఆ అంకెని 50,000 చేస్తే సెల్స్‌కి రిఫ్రెష్ ఆలస్యంగా అందుతుంది, వేడెక్కిన సెల్ ఛార్జి త్వరగా కోల్పోతుంది. మొదటి ఏడాది దాన్ని ముట్టుకోకండి.

కిట్‌తో ఫిర్యాదు లేదు, ఫిర్యాదు వారంటీ మాటలతో. ర్యామ్‌కి లైఫ్‌టైమ్ వారంటీ అంటారు. ప్రాసెసర్ విషయంలో ఏఎండీ మాత్రం తన నిర్ణీత వేగం దాటితే వారంటీ చెల్లదని చిన్న అక్షరాల్లో రాసుకుంది, ఎక్స్‌పో ఏఎండీదే అయినా సరే. రైజెన్ 7000కి ఆ వేగం 5200, 9000కి 5600.

7600, 9600ఎక్స్ లాంటివి వాడేవాళ్ళకి ఈ కిట్ నిస్సందేహంగా చెప్పొచ్చు. 7800ఎక్స్3డీ ఉన్నవాళ్ళకి ప్రాసెసర్‌లోనే ఉండే 96 ఎంబీ క్యాష్ మెమరీ చాలా పని చేసిపెడుతుంది, వాళ్ళు 3636 కిట్ చవగ్గా దొరికితే అదే తీసుకోవచ్చు. ఎవరైనా సరే, తర్వాత ఇంకో జత కొని నాలుగు స్లాట్లూ నింపుదామని మాత్రం అనుకోవద్దు. నాలుగు స్టిక్కులకి ఏఎండీ హామీ ఇచ్చేది 3600 వరకే. 64 జీబీ కావాలనుకుంటే మొదట్లోనే 32 జీబీ స్టిక్కులు రెండు కొనండి.