అమ్మతో కింబెల్ మ్యూజియంకి: ఆ రెండు పేకాట బొమ్మల కోసమైనా వెళ్ళండి

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళం ఇండియా నుంచి అమ్మావాళ్ళు వస్తే గుడికి, మాల్‌కి, మహా అయితే అక్వేరియంకి తీసుకెళ్తాం. నేనూ అదే చేశాను. మూడో వారానికి అమ్మకి విసుగొచ్చేసింది. "ఇంట్లోనే ఉంటానమ్మా, పప్పుచారు పెట్టుకుంటాను" అంది. అప్పుడు సగం రోజు సెలవు పెట్టి ఫోర్ట్‌వర్త్‌లోని కింబెల్ ఆర్ట్ మ్యూజియంకి బయల్దేరదీశాను.

ముందు వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేవి చెప్పేస్తాను. మ్యూజియం సొంత సేకరణ చూడటానికి టికెట్ లేదు. బయటి నుంచి తెచ్చి పెట్టే ప్రత్యేక ప్రదర్శనలకి మాత్రమే డబ్బు కట్టాలి. సోమవారం సెలవు. శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా తెరిచి ఉంటుంది కాబట్టి ఉద్యోగాలు చేసేవాళ్ళకి ఆ రోజు నయం. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు. పెద్దవాళ్ళని నడిపించడానికి భయపడక్కర్లేదు, ఊరంత పెద్దది కాదు. ఒక పూటలో తీరిగ్గా చూడొచ్చు.

భవనం గురించి రెండు ముక్కలు. ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కట్టిన ఈ పాత భవనం 1972లో తెరిచారు. బయటి నుంచి ఆ పొడుగాటి గుండ్రటి కప్పులు చూసి అమ్మ "రైసుమిల్లు గోడౌన్లలా ఉన్నాయే" అంది. లోపలికి వెళ్ళాక ఇంకేం మాట్లాడలేదు. కప్పు నడినెత్తిన సన్నటి చీలికలోంచి ఎండ దిగుతుంది. కింద వేలాడదీసిన రేకు దాన్ని మళ్ళీ పైకి మళ్ళించి కాంక్రీటు మీద పరుస్తుంది. గదంతా వెన్నెలలాంటి వెలుతురు. అమ్మకి కిందటేడే శుక్లాల ఆపరేషన్ అయింది, దీపాల వెలుగు గుచ్చుకుంటుంది. ఇక్కడ మాత్రం ఒక్కసారి కూడా కళ్ళు నులుముకోలేదు.

ఇక అసలు సంగతి. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిన 'ది కార్డ్‌షార్ప్స్' ఇక్కడ ఉంది. 1595 ప్రాంతంలో, పాతికేళ్ళు కూడా నిండని వయసులో వేశాడు. పేకాటలో తొండి చేసేవాళ్ళ బొమ్మ. ఎడమ పక్క ముదురు రంగు వెల్వెట్ చొక్కా వేసుకున్న కుర్రాడు, కలిగినింటి పిల్లాడు, ముక్కలు చూసుకుంటున్నాడు. ఎదురుగా పసుపు మీద నల్లచారల బట్టలేసుకున్న ఇంకో కుర్రాడు, మనకి సగం వీపు తిప్పి ఉన్నాడు. వాడి చెయ్యి వెనక్కి వెళ్ళి నడుం దగ్గర దోపుకున్న ముక్కని లాగుతోంది. ఇద్దరి మధ్యా ఒక పెద్దవాడు వెల్వెట్ కుర్రాడి భుజం మీదుగా ముక్కలు చూసేసి వేళ్ళతో సైగ చేస్తున్నాడు. ఎడమ మూలన బల్ల అంచు మీద బ్యాక్‌గామన్ అనే పాచికలాట పలక, పాచికలు. ఆ ఆట పక్కకి నెట్టి ఈ ఆటలో దింపారేమో అనిపించింది నాకు.

ఆ పెద్దవాడి చేతి తొడుగు దగ్గరకి వెళ్ళి చూడండి. వేళ్ళ చివర్లు చిరిగి ఉంటాయి, లోపలి చర్మం కనపడుతుంది. పేదవాడు కదా అనుకున్నాను. గుర్తులు పెట్టిన ముక్కల్ని వేలితో తడిమి పట్టుకోవడానికే అలా ఉంచుకుంటారని తెలిసినవాళ్ళు చెబుతారు. నేనది అమ్మకి చెప్పబోతుంటే తనే అంది: "వీడి వేళ్ళు చూశావా? ముక్క చూడక్కర్లేదు వీడికి."

మాది భీమవరం పక్కన ఊరు. సంక్రాంతికి కోడిపందేల బరి పక్కనే గుండాట ఉంటుంది. గుర్తులు గీసిన పట్టా మీద డబ్బు పెడితే డబ్బాలో పాచికలు గిలకొట్టి బోర్లిస్తారు. అది అందరూ చూస్తుండగా ఆడేది. మా నాన్న ఆడింది అది కాదు. చేపల చెరువు గట్టు మీద షెడ్డులో, రాత్రిపూట, మూడు ముక్కలాట. నాకు పదకొండేళ్ళప్పుడు రెండు సీజన్లలో ఎకరంన్నర పోయింది. కూడా ఆడినవాళ్ళు ఇద్దరూ మా ఇంట్లో భోంచేసినవాళ్ళే. నాన్నకి ఆట రాదని ఊళ్ళో అన్నారు. అమ్మ మాత్రం ఎప్పుడూ ఆ మాట ఒప్పుకోలేదు, "వాళ్ళు కలిసి ఆడారు" అనేది. రుజువేముంది? లేదు.

ఆ బొమ్మ ముందు అమ్మ ఇరవై నిమిషాలు నిలబడింది. నేను గడియారం చూశాను కాబట్టి చెబుతున్నాను. తర్వాత మెల్లగా అంది: "మీ నాన్న కూడా ఇట్టాగే కూచునేవారు. ముక్కలు మొహానికి దగ్గరగా పెట్టుకుని. పక్కన ఎవడున్నాడో చూసేవారు కాదు."

ఈ బొమ్మ గొప్పతనం అక్కడే ఉందని నాకు అప్పుడు తెలిసింది. చిత్రకారుడు మనల్ని నిలబెట్టిన చోటు అలాంటిది. వెనక చెయ్యి మనకి కనపడుతుంది, సైగ మనకి కనపడుతుంది, ఆ పిల్లాడికొక్కడికే కనపడదు. వాడి మొహంలో తెలివితక్కువతనం లేదు. వాడు నమ్మాడు, అంతే. తొండి చేసే కుర్రాడి మొహం చూడండి, వాడికీ టెన్షనే. వాడిదీ చిన్న వయసే. నడుముకి బాకు వేలాడుతోంది. ఈ ఆట ఎలా ముగుస్తుందో తెలీదు.

కాథలిక్ చర్చి పెద్ద కార్డినల్ దెల్ మోంతే ఈ బొమ్మ కొనుక్కుని, కారవాజ్జోకి తన భవనంలోనే చోటిచ్చాడు. 1890లలో కనపడకుండా పోయిన బొమ్మ దాదాపు తొంభై ఏళ్ళకి మళ్ళీ బయటపడింది. 1987లో కింబెల్ వాళ్ళు కొన్నారు.

రెండోది ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ ద లా తూర్ బొమ్మ, 1630ల నాటిది. ఇందులో తొండివాడు నడుం వెనక నుంచి కళావరు ఆసు తీస్తున్నాడు. ఇంచుమించు ఇదే బొమ్మని లా తూర్ డైమన్ ఆసుతో ఇంకోటి వేశాడు, అది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నడిమధ్య కూర్చున్న ఆవిడ ఓరచూపు చాలా పేరున్నది. బట్టలు, నగలు అద్భుతంగా వేశాడు. కానీ నాకు కారవాజ్జోదే ఎక్కువ నచ్చింది. లా తూర్ బొమ్మలో అందరూ నాటకంలో వేషాలు కట్టినట్టుంటారు, మోసపోయే కుర్రాడి మీద జాలి రావడానికి టైం పడుతుంది. అమ్మకి మాత్రం ఆ ఓరచూపు నచ్చింది, "కంటితోనే లెక్క చెప్పేసింది" అంది.

వచ్చేటప్పుడు కారులో ఎల్లోరా గుర్తొచ్చింది. అక్కడ 21వ గుహలో శివపార్వతులు పాచికలాడుతుంటారు, కింద ప్రమథగణాలు నందిని ఏడిపిస్తుంటాయి. పెళ్ళయిన కొత్తలో చూశాను. ఆ శిల్పం చూస్తే ఆట అంటే ఇంట్లో ఆలుమగల సరదా అనిపిస్తుంది. ఆటని అలా కూడా చూపించారు మనవాళ్ళు. ఆ ఫోటో ఫోన్లో వెతికి చూపిస్తే అమ్మ నవ్వింది. ఆ రోజు నవ్వింది అప్పుడే.

ఒక జాగ్రత్త: బయల్దేరే ముందు బొమ్మ గోడ మీద ఉందో లేదో మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఇలాంటివి అరువు మీద వేరే ఊళ్ళకి వెళ్తుంటాయి. 2025లో రోమ్‌లో పెట్టిన కారవాజ్జో ప్రదర్శనకి 'ది కార్డ్‌షార్ప్స్' వెళ్ళింది.

నా వరకు ఐదుకి ఐదు. అమ్మ తిరుగు ప్రయాణం వచ్చే నెల. ఆ లోపు మా తమ్ముడు షికాగో నుంచి వస్తున్నాడు, ఈ మధ్య వాడు రాత్రంతా ఫోన్లో రమ్మీ ఆడుతున్నాడని మరదలు చెప్పింది. అమ్మ వాణ్ణి ఏమీ అడగలేదు. శుక్రవారానికి రమ్మంది, ఆ బొమ్మ దగ్గరకి తీసుకెళ్దామని నాతో అంది.