బరంపురం నుంచి మాంచెస్టర్‌కి ఏది మేలు: ముంబై మీదుగా ఇండిగోనా, హైదరాబాద్ నుంచి గల్ఫ్ విమానమా?

మాంచెస్టర్ వైపు చదువుకో ఉద్యోగానికో వెళ్లిన పిల్లలు మా బరంపురం తెలుగిళ్లలోనూ ఉన్నారు. వాళ్లని చూడ్డానికి బయల్దేరే అమ్మానాన్నలకి చాలాకాలం ఒకటే దారి తెలుసు. హైదరాబాద్ చేరుకుని ఎమిరేట్స్ గానీ ఖతార్ గానీ ఎక్కడం. 2025 జూలైలో ఇండిగో ముంబై నుంచి మాంచెస్టర్‌కి, ఆమ్‌స్టర్‌డాంకి నేరుగా విమానాలు మొదలుపెట్టడంతో రెండో దారి వచ్చింది. భువనేశ్వర్‌లో ఎక్కి, ముంబైలో మారి, మాంచెస్టర్‌లో దిగొచ్చు.

వెంటనే వచ్చే మాట, "ఇండిగో కదా, చవగ్గా ఉంటుంది". అలా అనుకుని కూర్చోవద్దు.

చవక విమానం చవగ్గా ఎలా నడుస్తుందో చూడండి. భువనేశ్వర్‌లో దిగిన విమానం అరగంటలో మళ్లీ జనాన్ని ఎక్కించుకుని లేస్తుంది. రోజంతా ఇలా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి టికెట్ ధర తగ్గుతుంది. పది గంటల ప్రయాణంలో ఈ కిటుకు పనిచెయ్యదు. ఏ కంపెనీ విమానమైనా అంతసేపు గాల్లోనే ఉంటుంది, దిగాక అరగంట ఆదా చేసి పెద్దగా మిగిలేదేమీ లేదు. ఆయిల్ ఖర్చు అందరికీ ఒకటే. పైగా దూరం పెరిగేకొద్దీ, మోసుకెళ్లే ఆయిల్ బరువుకే ఇంకొంత ఆయిల్ కాలుతుంది. పైలట్లకి, సిబ్బందికి అవతలి ఊళ్లో హోటల్ ఇవ్వాలి. భోజనం పెట్టకుండా పది గంటలు కూర్చోబెట్టలేరు, అందుకే ఇండిగో కూడా ఈ రూట్లలో వేడి భోజనం టికెట్‌లోనే కలిపింది.

ఇలా ప్రయత్నించి చేతులు కాల్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. లండన్–న్యూయార్క్ మధ్య 1977లో మొదలైన లేకర్ స్కైట్రెయిన్ అనే చవక విమాన సర్వీసు 1982లో మూతపడింది. ఎయిర్ ఏషియా ఎక్స్ 2012లో లండన్ మానేసింది. నార్వే కంపెనీ నార్వీజియన్ 2021లో దూరప్రయాణాలు వదిలేసుకుంది. తమాషా ఏమిటంటే, ఇండిగో మాంచెస్టర్ సర్వీసు మొదలుపెట్టిన డ్రీమ్‌లైనర్లు, అంటే దూరం వెళ్లే బోయింగ్ 787 విమానాలు, నార్స్ అనే మరో నార్వే కంపెనీ దగ్గర పైలట్లతో సహా అద్దెకు తెచ్చినవి. ఆ నార్స్ నడిపేవి చాలావరకు నార్వీజియన్ వదిలేసిన విమానాలే! ఇండిగో సొంతానికి ఆర్డరిచ్చిన ఎయిర్‌బస్ ఏ350లు 60, అవి రావడానికి ఇంకా టైముంది.

మరి ఇండిగో దగ్గర మనకి దొరికేదేమిటి? దగ్గరతనం. భువనేశ్వర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ లాంటి ఊళ్ల నుంచి జనాన్ని ముంబైకి చేర్చి అక్కడ పెద్ద విమానం ఎక్కించడం. దుబాయ్, దోహాల్లో గల్ఫ్ కంపెనీలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది ఇదే పని. బరంపురం నుంచి భువనేశ్వర్ రోడ్డు మీద దాదాపు 170 కిలోమీటర్లు. పొద్దున్నే కారెక్కితే మూడు గంటల్లో ఎయిర్‌పోర్టులో ఉంటాం. హైదరాబాద్ అయితే సాయంత్రం ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు సికింద్రాబాద్‌లో దిగాలి, అక్కడి నుంచి సామానుతో శంషాబాద్ చేరాలి. తెల్లవారుజాము విమానమైతే ఆ పగలంతా చుట్టాలింట్లో గడపాలి.

ఇక్కడిదాకా ఇండిగోదే పైచెయ్యి. కానీ ముంబై దగ్గర కళ్లు పెద్దవి చేసుకుని చూడాల్సినవి ఉన్నాయి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, అంటే ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. అప్పుడు మొదటిది లేటై రెండోది పోతే, వేరే విమానం ఎక్కించే బాధ్యత కంపెనీది. విడివిడిగా కొంటే ఆ టెన్షన్ మొత్తం మనదే. దేశీయ విమానం టెర్మినల్ 1లో దిగితే విదేశీ విమానానికి టెర్మినల్ 2కి రోడ్డు మీద వెళ్లాలి. 2025 డిసెంబర్ 25 నుంచి నవీ ముంబై ఎయిర్‌పోర్టు కూడా నడుస్తోంది. టికెట్ మీద బీఓఎం (పాత ముంబై ఎయిర్‌పోర్టు) అని ఉందో ఎన్‌ఎంఐ (నవీ ముంబై) అని ఉందో చూసుకోండి. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాల్సొస్తే పెద్దవాళ్లకి నరకమే.

దేశీయ విమానం మీద ఆధారపడటంలో ఉన్న చిక్కు 2025 డిసెంబర్‌లో దేశమంతా చూసింది. పైలట్ల డ్యూటీ గంటల కొత్త రూల్స్‌కి సిద్ధంగా లేక ఇండిగో డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు చేసింది. అలాంటి రోజు మాంచెస్టర్ విమానం లేచినా, భువనేశ్వర్‌లో ఇరుక్కున్నవాళ్లకి ఒరిగేదేమీ లేదు. గల్ఫ్ దారికీ గండాలున్నాయి లెండి. 2025 జూన్ 23 రాత్రి ఖతార్ కొన్ని గంటలు గగనతలం మూసేస్తే దోహా మీదుగా వెళ్లేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పాకిస్తాన్ 2025 ఏప్రిల్ 24న భారతీయ విమానాలకి తన గగనతలం మూసింది, ఆ తర్వాత నెలనెలా పొడిగిస్తూ వచ్చింది. ఆ మూత ఉన్నంతకాలం మన కంపెనీలు చుట్టు తిరిగి వెళ్లాలి, గల్ఫ్ కంపెనీలకి ఆ బాధ లేదు. "నేరుగా" అన్న మాట చూసి ఎంతో టైము కలిసొస్తుందనుకోవద్దు, మొత్తం గంటలు చూడండి.

సామాను సంగతికొస్తే, విడిగా కొన్న దేశీయ టికెట్ మీద 15 కిలోలే చెకిన్. గల్ఫ్ కంపెనీ అంతకన్నా ఎక్కువ ఇచ్చినా, భువనేశ్వర్ నుంచి హైదరాబాద్‌కి విడిగా విమానం కొంటే మిగతా కిలోలకి డబ్బు కట్టాల్సిందే. మన ఊరి అప్పడాలు, ఊరగాయ లేకుండా ఏ తల్లీ బయల్దేరదు కాబట్టి ఈ దారిలో హైదరాబాద్‌కి రైలే నయం.

లేటైతే పరిహారం ఎవరిస్తారన్నది చాలామంది అడగరు. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు ఇండిగోకీ, గల్ఫ్ కంపెనీలకీ బ్రిటన్ పరిహారం రూలు వర్తించదు. మాంచెస్టర్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఏ కంపెనీ అయినా సరే, తన తప్పు వల్ల నాలుగు గంటలకి మించి ఆలస్యం చేస్తే మనిషికి 520 పౌండ్లు ఇవ్వాలి. బోర్డింగ్ పాసులు పారెయ్యొద్దని పిల్లలకి చెప్పండి.

నా ఓటు? అరవై దాటి, మొదటిసారి వెళ్తున్న దంపతులకి ఇండిగోనే, ముంబైలో కనీసం నాలుగైదు గంటల వ్యవధి ఉంటే. కాస్త హిందీ వస్తే ముంబైలో అడిగి తెలుసుకోవచ్చు, పొరపాటున విమానం పోయినా ఉన్నది మన దేశంలోనే. రెండు విమానాలకీ వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడగండి, కౌంటర్ దగ్గర చూద్దాంలే అనుకోవద్దు. ధర గల్ఫ్ కంటే రెండు మూడు వేలు ఎక్కువున్నా ఇదే చెప్తాను. నిండు సూట్‌కేసులతో వెళ్లే కుర్రాళ్లకి, హైదరాబాద్‌లో చుట్టాలున్నవాళ్లకి గల్ఫ్ దారి. మాంచెస్టర్‌కి వెళ్లే విమానాలు గల్ఫ్ కంపెనీలకి ఎక్కువ, ఒకటి పోయినా ఇంకోదాంట్లో సర్దుతారు.

పిల్లలు లండన్‌లోనే ఉంటే ఇంత తర్జనభర్జన అక్కర్లేదు, హైదరాబాద్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా హీత్రోకి వెళ్తుంది. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి దుబాయ్ పనికి పోయే తమ్ముళ్లకీ ఈ లెక్కలతో పని లేదు. నాలుగైదు గంటల ప్రయాణంలో చవక విమానం నిజంగానే చవక, కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు.