బెల్టు మంచిదే, అతుకే ముంచింది

నాలుగేళ్లుగా చెన్నై అంబత్తూరులో, ఇంటి వెనక రేకుల షెడ్డులో కత్తులు చేసుకుంటున్నాను. నెలకు రెండు, పండగ నెలయితే ఒకటి. కత్తిని అరగదీసే రెండంగుళాల వెడల్పు, డెబ్బై రెండంగుళాల పొడవు బెల్టు మెషీను గురించి, గ్రిట్ నంబర్ల (గరుకు కొలత, నంబరు పెరిగేకొద్దీ గీత సన్నబడుతుంది) గురించి ఇది చదివేవాళ్లకు కొత్తగా చెప్పాల్సిందేం లేదు. నా గొడవంతా ఆఖరి నునుపుకు వాడే ఫినిషింగ్ బెల్టు రెండు కొసల్నీ కలిపే అతుకుతోనే.

ముందు దాని మంచి చెప్పాలి. నేను వాడేది పిరమిడ్ గింజల బెల్టు, 400 గ్రిట్‌కు దగ్గరగా ఉంటుంది. మామూలు అల్యూమినియం ఆక్సైడ్ బెల్టు మొదటి కత్తికి ఒకలా, మూడో కత్తికి ఇంకోలా గీత పెడుతుంది. దీనికి ఆ పేచీ లేదు. పైన గింజ అరిగేకొద్దీ కింద కొత్తది తేలుతుంది కాబట్టి ఆఖరి వారం దాకా గీత దాదాపు ఒకేలా పడుతుంది. ఆ మురిపెంలో, అడిగినవాళ్లకల్లా ఇదే కొనండి, కొంటే డజను పెట్టె కొనండి, ధర కలిసొస్తుంది అని చెప్పాను. ఆ రెండో సలహా మరిచిపోండి.

బరక బెల్టు మీద అతుకు పట్టించుకోం. 60 గ్రిట్ గీతల్లో అది ఎక్కడ తగిలిందో ఎవడికి తెలుస్తుంది? 400 దగ్గరికొచ్చేసరికి అలా కాదు. బెల్టు చుట్టుకొలత 1.83 మీటర్లు. సెకనుకు తొమ్మిది మీటర్ల వేగంతో తిప్పినా అతుకు సెకనుకు అయిదుసార్లు కత్తి కిందనుంచి పోతుంది. పోయినప్పుడల్లా వేళ్లకు టక్ టక్‌మని తెలుస్తుంది. వెలుతురుకు వాల్చి చూస్తే బ్లేడు మీద సన్నటి అడ్డపట్టీలు. ఇది సర్దుకుపోగలిగిన బాధ.

సర్దుకోలేనిది కిందటి కార్తీకమాసంలో జరిగింది. మూడు రోజులుగా ముసురు. నాయుడుపేటలో ఉన్న అత్తయ్యకి కూరల కత్తి చేస్తున్నాను. ఈఎన్31 ఉక్కు, రెండున్నర మిల్లీమీటర్ల మందం. హీట్ ట్రీట్‌మెంట్ అయిపోయింది, పెళుసు తగ్గేలా 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేశాను, అంచు సన్నబడింది. ఇంకో రెండు సార్లు బెల్టుకు ఆనిస్తే పని అయిపోతుంది. ఉన్నట్టుండి టక్ టక్ కాస్తా టప్ టప్ అయింది. చెయ్యి తీసేలోపే అతుకు ఊడింది. తెగిన కొస మణికట్టు మీద బెత్తంతో కొట్టినట్టు తగిలింది. అది పోనీ, రెండు రోజుల్లో మానింది. కానీ నేను కత్తిని ఆనించి పట్టుకునే ఉన్నాను, మధ్యలో బెల్టు లేదు. బెల్టుకు వెనక దన్నుగా ఉండే ఇనుప పలక అంచు తగిలి, పిడికి నాలుగు వేళ్ల దూరంలో అడ్డంగా గాటు.

ఆ గాటు పోవాలంటే మళ్లీ 120 గ్రిట్‌కి దిగాలి. అంత సన్నటి అంచుని బరక బెల్టుకు పెట్టి క్షణం ఏమరినా నీలం రంగు తిరుగుతుంది. అంటే 300 డిగ్రీల దాకా వేడెక్కినట్టే, ఇక అక్కడ పదును నిలవదు. భయమేసి మెషీను ఆపేశాను. చెక్కమీద బిగించి, వాటర్ పేపరుతో చేత్తోనే గీసుకుంటూ కూర్చున్నాను. రెండు ఆదివారాలు పోయాయి.

తర్వాత ఊడిన అతుకు చూస్తే లోపలి టేపు పసుపెక్కి, గోటితో గీకితే పెళుసుగా రాలింది. పెట్టె కొని మూడేళ్లు. ఇలాంటి బెల్టుల్ని 20 డిగ్రీలకు అటూఇటూ, తేమ 50 శాతం చుట్టుపక్కల ఉన్నచోట దాచుకోమంటారు. మన రేకుల షెడ్డులో మే నెల ఎండ, నవంబరు చెమ్మ! పైగా నేను వాటిని మేకుకు తగిలించాను, మేకు దగ్గర ముడత పడింది. కాబట్టి తప్పంతా బెల్టుదే అంటే నాకే నవ్వొస్తుంది. కొన్న దుకాణంలో అడిగితే ఆయన తల కూడా ఎత్తకుండా "జాయింట్‌కి గ్యారంటీ ఇల్ల సార్" అన్నాడు. బిల్లు వెనక కూడా అదే అచ్చేసి ఉంది, చదవనిది నేనే.

ఇప్పుడు మూడుకు మించి కొనడంలేదు. ఎక్కించేముందు అతుకు దగ్గర వేళ్లతో అటూఇటూ వంచి చూస్తాను, చిటపటమంటే పక్కన పడేస్తాను. పలకకు గ్రాఫైట్ గుడ్డ అంటించాక టక్ టక్ సగానికి తగ్గింది, వేడి కూడా తగ్గింది. ఆఖరి సారి పలక మీద కాకుండా బెల్టు వదులుగా ఉండే చోట ఆనిస్తే అడ్డపట్టీలు ఇంకా తక్కువ. కానీ అక్కడ బెవెల్ (పదును వైపు ఏటవాలుగా అరగదీసిన భాగం) అంచులు గుండ్రమవుతాయి, గీత గీసినట్టు పదునైన కోణం కావాలనుకునేవాళ్లకి నచ్చదు. నాకు కూరల కత్తికి ఆ గుండ్రం బాగానే ఉంటుంది.

ఇదే బెల్టు మళ్లీ కొంటానా అంటే, కొంటాను. రోజూ పదేసి కత్తులు చేసేవాళ్ల దగ్గర అతుకు ముసలిదయ్యేలోపే గింజ అయిపోతుంది, వాళ్లకు ఈ కథంతా అక్కర్లేదు. నాలాగా ఆదివారాలు మాత్రమే షెడ్డు తెరిచేవాళ్లయితే మామూలు మెత్తటి గుడ్డ బెల్టు చాలేమో, ఆ పైన ఎలాగూ చేత్తో పేపరు పట్టాల్సిందే. మిగిలిన రెండు బెల్టులూ ఇప్పుడు వంటింట్లో బియ్యం డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలతో పాటు ఉన్నాయి. బియ్యం ఎక్కడ పోయాలని మా ఆవిడ రోజూ అడుగుతోంది.