కోడలి ముత్తాత తండ్రి కోసం మూడేళ్లు: ఏ రికార్డు పనికొచ్చింది, ఏది ముంచింది

మూడేళ్ల కిందట మా మనవణ్ణి స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. మా వైపు ఏడు తరాలు నోటికి చెప్పేశాను. కోడలి వైపుకు వచ్చేసరికి బండి ఆగింది. వాళ్లది అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పోల్క్ కౌంటీ (మన జిల్లా లాంటిది), ఇంటిపేరు జాన్సన్. "స్వీడన్ నుంచి వచ్చారు, ప్రభుత్వం 160 ఎకరాలు ఊరికే ఇచ్చింది, ఎల్లిస్ ఐలండ్‌లో పేరు మార్చేశారు" అని మా వియ్యంకుడు చెప్పిన మూడు ముక్కలే ఆధారం. (ఎల్లిస్ ఐలండ్ అంటే వలస వచ్చినవాళ్లను నమోదు చేసుకున్న న్యూయార్క్ రేవు.) ఒమాహా చలికాలంలో నాకు మాత్రం వేరే పనేముంది, కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మొదట చేసిన తప్పు చెప్తాను. డబ్బు కట్టే ఒక సైటులో ఎవరో గీసి పెట్టిన వంశవృక్షం దొరికింది. పేరు అదే, కౌంటీ అదే. సంబరంగా మొత్తం దింపేసుకున్నాను. వారం తర్వాత లెక్క చూస్తే తల్లికి ఎనిమిదో ఏట కొడుకు పుట్టాడు! ఇద్దరు వేర్వేరు జాన్సన్లను కలిపేశారు, దాన్ని ఇంకో పాతిక మంది కాపీ కొట్టారు. పైగా ఉచిత ట్రయల్ అని కార్డు నంబరు ఇచ్చి, రద్దు చేయడం మరిచిపోయాను. ఆరు నెలల చందా పోయింది.

ఆ తర్వాత ఫ్యామిలీసెర్చ్ అనే సైటుకి మారాను. మోర్మన్ చర్చి వాళ్లు నడుపుతారు, పైసా కట్టక్కర్లేదు. జనాభా లెక్కల అసలు కాగితాల ఫొటోలు అందులో చూడొచ్చు. అమెరికా లెక్కల్లో 1850కి ముందు ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాసేవారు. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయడం 1880 నుంచి మొదలైంది. 1890 కాగితాలు వాషింగ్టన్‌లో 1921 నాటి అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి, మిగిలినవీ తర్వాత తీసేశారు. అంటే ఫెడరల్ లెక్కల్లో 1880 తర్వాత ఇరవయ్యేళ్లు చీకటి.

లెక్కలు రాసేవాడు చెవికి వినిపించినట్టు రాసుకుపోయాడు కాబట్టి పేరుతో వెతికితే దొరకరు. నేను ఊరు పట్టుకుని పేజీ తర్వాత పేజీ తిప్పాను. నాలుగో రోజు 1880 లెక్కల్లో కోడలి ముత్తాత తండ్రి దొరికాడు. పుట్టిన చోటు గడిలో ఉత్త "స్వీడన్" అని ఉంది. ఏ ఊరో లేదు.

అసలు దారి భూమి కాగితాల్లో దొరికింది. మా నాన్న కరణం. మనుషులు అబద్ధం చెప్పినా అడంగల్ చెప్పదు అనేవారు. (అదీ చెప్తుందనుకోండి, కానీ తక్కువ.) ఫెడరల్ భూముల శాఖ సైటులో పాత పట్టాలన్నీ ఉచితంగా చూడొచ్చు. చదరపు మైలు ఒక సెక్షన్, అంటే 640 ఎకరాలు, అలాంటివి 36 కలిస్తే ఒక టౌన్‌షిప్. మన సర్వే నంబర్లకు అలవాటు పడ్డవాళ్లకు గంటలో అర్థమైపోతుంది.

పట్టాలో ఉన్నది 160 కాదు, 80 ఎకరాలు! మా వియ్యంకుడు నమ్మలేదు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం 160 ఇచ్చిన మాట నిజమే, కానీ రైల్వేకి ఇచ్చిన భూముల పరిధిలో 1879 దాకా మామూలు రైతుకు 80కి మించి ఇచ్చేవారు కాదు. ఊరికేనూ కాదు. ఫీజులున్నాయి, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేసి చూపించాలి. అసలు అది ఖాళీ భూమీ కాదు. ప్లాట్ నదికి దక్షిణాన ఉన్న ఆ నేలంతా పానీ అనే అమెరికా ఆదివాసీ తెగ వాళ్లది, 1833 ఒప్పందంలో వదులుకున్నారు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

పట్టా చూసి ఆగిపోకండి. దాని వెనక ఒక ఫైలు ఉంటుంది, నేషనల్ ఆర్కైవ్స్‌లో. నెబ్రాస్కా ఫైళ్లు స్కాన్ కూడా అయ్యాయి. ఇల్లెంత, ఎన్నెకరాలు దున్నాడు, బావి తవ్వాడా, ఎప్పుడు కాపురం పెట్టాడు, అన్నీ ఆయన వాంగ్మూలంలోనే ఉన్నాయి. పౌరసత్వం కాగితం నకలు కూడా అందులోనే. దాన్ని బట్టి ఆయన 1870లో దిగాడు. ఎల్లిస్ ఐలండ్ తెరిచిందే 1892లో! కాబట్టి అక్కడ పేరు మార్చారన్నది ఉత్త కథ.

ఆ ఫైల్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇద్దరు సాక్షుల పేర్లు. పరాయి దేశంలో సాక్షిగా ఎవరిని పిలుస్తాం? మన ఊరివాణ్ణే కదా. ఆ సాక్షులు వెళ్లే లూథరన్ చర్చి ఏదో పట్టుకుని, దాని సభ్యుల పుస్తకం తీయించాను. ఇలినాయ్‌లోని అగస్టానా కాలేజీ స్వెన్సన్ సెంటర్‌లో ఆ చర్చిల మైక్రోఫిల్ములు ఉన్నాయి. అందులో పుట్టిన తేదీతో పాటు స్వీడన్‌లో ఏ పారిష్షో (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) కూడా రాసి ఉంది.

అక్కడి నుంచి స్వీడన్ జాతీయ ఆర్కైవ్స్ సైటు, 2018 నుంచి అది కూడా ఉచితమే. పాదిరి ఇంటింటికీ తిరిగి ఎవరు చదవగలరు, ఎవరు ఏ ఊరికి వెళ్లారు అని రాసుకున్న పుస్తకాలవి. వాళ్లకప్పుడు మనలాగా ఇంటిపేరు లేదు. తండ్రి యోహాన్ అయితే కొడుకు యోహాన్సన్, కూతురు యోహాన్స్‌డోటర్. తరం మారితే పేరు మారిపోతుంది. అలవాటు పడేదాకా తలనొప్పి తప్పదు. ఆ చేతిరాతకు నాకు ఒక చలికాలమంతా పట్టింది.

మార్కులు వేయమంటే భూమి ఫైలుకు పదికి పది, చర్చి పుస్తకాలకు తొమ్మిది, జనాభా లెక్కలకు ఏడు. రెడీమేడ్ వంశవృక్షాలకు సున్నా.

కానీ నన్ను నిలబెట్టేసిన గడి జనాభా లెక్కల్లోదే. 1900లో ఆడవాళ్లను ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. ఆయన భార్య గళ్లలో 9, 5 అని ఉన్నాయి. మా కోడలికి తెలిసింది ఐదుగురే. మిగతా నలుగురూ ఆ ఇరవయ్యేళ్ల చీకట్లోనే పుట్టి పోయారు. చర్చి ఖనన పట్టికలో ఇద్దరి పేర్లు దొరికాయి. తక్కిన ఇద్దరి కోసం ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నాను. మనవడు ఆ ప్రాజెక్టు ఎప్పుడో ఇచ్చేశాడు, అమ్మ వైపు మూడు గళ్లు ఖాళీగా పెట్టి.