సఖినేటిపల్లి పంటు: పాటదారు మారాక

నరసాపురం రేవులో నిలబడితే సఖినేటిపల్లి ఎదురుగానే కనిపిస్తుంది. మధ్యలో ఉన్నది వశిష్ఠ గోదావరి ఒక్కటే. అదే రోడ్డు మీద వెళ్ళాలంటే పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం చుట్టి రావాలి. నలభై కిలోమీటర్లకు అటూ ఇటూగా పడుతుంది. ఇక్కడ వంతెన గురించి ఎన్నికలొచ్చినప్పుడల్లా వింటూనే ఉన్నాం. ఈలోగా కాలేజీ పిల్లలూ, చేపల బుట్టలూ, పెళ్ళివారూ అందరూ పంటు మీదే, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే బల్లపరుపు పడవ మీదే దాటుతున్నారు.

అవతల అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి గుడిలో అమ్మకి మొక్కు ఉంది. రేవు నడిపే హక్కు వేలంలో కొత్తవాళ్ళు పాడుకున్నారనీ, కార్లు ఎక్కించే పద్ధతి బాగుపడిందనీ భీమవరంలో మావయ్య ఊరించాడు. కార్తీకమాసం, పైగా సెలవు కాని రోజు. సరే, కారుతోనే వెళ్దాం అనుకున్నాం.

తేడా గేటు దగ్గరే తెలిసింది. ఇదివరకు ముందు దూరినవాడిదే పంటు. బైకులు, ఆటోలు, కార్లు అన్నీ ఒకేసారి ముక్కులు పెట్టేవి, వెనక నుంచి హారన్లు. ఇప్పుడు బైకులకో వరస, నాలుగు చక్రాల వాటికో వరస. రేట్ల బోర్డు కళ్ళకి కనిపించే చోట పెట్టారు. కారుకి బోర్డు మీద ఉన్నదే తీసుకున్నారు, టికెట్ చేతిలో పెట్టారు. డ్రైవర్ కాక లోపల ఉన్నవాళ్ళకి మనిషికింత అని వేరే టికెట్. దాని మీద నా ముందు కారాయన కాసేపు వాదించాడు కానీ అది కూడా బోర్డు మీద రాసే ఉంది.

బాగుపడనిది ర్యాంపు. మామూలు రోజుల్లో ఇక్కడ నీటి మట్టం సముద్రపు పోటుని బట్టే ఉంటుంది. అంతర్వేది దగ్గరే నది సముద్రంలో కలుస్తుంది కదా. పోటు మీద ఉన్నప్పుడు పంటు గట్టుకి సమంగా వస్తుంది, కారు నేల మీద నడిచినట్టే ఎక్కేస్తుంది. నీరు తీసేసినప్పుడు పంటు కిందికి దిగిపోతుంది, ర్యాంపు నిటారుగా వాలిపోతుంది. ఇసుక మేటలున్న చోట పంటు చుట్టూ తిరిగి రావాలి కూడా. టికెట్ ఇచ్చే అబ్బాయిని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఇప్పుడు పోటు మీదుందండి, బండి అడుగు తగలదు. ఇంకో రెండు గంటలాగి వస్తే మాత్రం నన్నడగొద్దండీ." ఏ పాటదారు వచ్చినా దీన్ని మార్చలేడు. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే ఈ ఎక్కుదిగుళ్ళు ఇంకా ఎక్కువ. కింది భాగం నేలకి దగ్గరగా ఉండే కార్లవాళ్ళు టైము కనుక్కుని వెళ్ళడం మంచిది.

ఎక్కించే కుర్రాడి పనితనం చూడాల్సిందే. లుంగీ పైకి కట్టి, నోట్లో విజిల్‌తో, మన బంపర్‌కి జానెడు దూరంలో వెనక్కి నడుస్తూ రెండు చేతులతో స్టీరింగ్ తనే తిప్పుతున్నట్టు చూపిస్తాడు. "ఎడమ కొట్టండి... కొట్టండి... చాలు చాలు, హేండ్ బ్రేకు!" కారు ఆగీ ఆగగానే వెనక చక్రం కింద చెక్క దిమ్మ తోసేశాడు. అద్దానికీ పక్క ఆటోకీ మధ్య అరచెయ్యి పట్టే సందు. ఆ ఆటోలో అరటి గెలలు, వాటి మీద ఓ కోడిపుంజు. అమ్మ దిగడానికి తలుపు తెరుచుకోలేదు, నా వైపు నుంచి పాక్కుంటూ వచ్చింది. కార్లు సర్దేటప్పుడు పెద్దవాళ్ళని ముందే దించి నడిపించాలని అప్పుడు తెలిసింది. అలా చెయ్యమని రేవులో ఎవరూ అనలేదు, అనాల్సింది.

లైఫ్ జాకెట్లు రెయిలింగ్‌కి వేలాడదీశారు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగాక గోదావరి మీద జాకెట్ల మాట గట్టిగానే వినబడింది. ఇక్కడ వేసుకున్నవాళ్ళు నాకు కనబడలేదు, వేసుకోమన్నవాళ్ళూ కనబడలేదు. అడిగితే నవ్వుతూ తీసిచ్చారు. కొత్త యాజమాన్యానికి మార్కులు తగ్గించాల్సింది ఇక్కడే. ఇంకోటి, పంటు నిండేదాకా కదలదు. మధ్యాహ్నం పూట ఎండలో ఇనప రేకు మీద నిలబడి ఎదురుచూడటం పెద్దవాళ్ళకి కష్టం. నీడ ఉన్న చోటంతా బైకులే.

అవతల ఒడ్డు నుంచి అంతర్వేదికి ఆటోలు దొరుకుతాయి, కాబట్టి కారు నరసాపురంలోనే వదిలి మనుషులు మాత్రం దాటినా ఇబ్బంది లేదు. గుడిలో రద్దీ తక్కువ, దర్శనం తొందరగా అయింది. ఇప్పటి ఆలయం కట్టించిన కొపనాతి కృష్ణమ్మ పేరు ఇక్కడ ఇంకా భక్తిగా తలుస్తారు. 2020 సెప్టెంబర్‌లో పాత రథం కాలిపోయాక చేయించిన కొత్త రథాన్ని అమ్మ చూడాలంది, చూశాం. నది సముద్రంలో కలిసే చోట ఉన్న అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళకుండా తిరిగి రావద్దు. మాఘంలో దశమి రాత్రి కల్యాణానికి, భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికి, తీర్థానికి మాత్రం కారు వేసుకుని ఈ రేవుకి రావాలన్న ఆలోచన మానుకోండి.

బస విషయానికొస్తే, ముందు రాత్రి నరసాపురంలో స్టేషన్‌కి దగ్గర్లో ఓ లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. గీజర్ స్విచ్చి మాత్రం అలంకారానికి పెట్టారు, బకెట్ వేడినీళ్ళకి కిందికి ఫోన్ చెయ్యాలి. గోదావరి చూస్తూ పడుకోవాలంటే దిండిలో టూరిజం వాళ్ళ రిసార్టు, హౌస్‌బోట్లు ఉన్నాయి. ఖర్చు ఎక్కువే, కానీ చిన్నపిల్లలుంటే అదే హాయి. తిండికి నా ఓటు నరసాపురానికే. మాంసం, చేపలు మానెయ్యాల్సిన కార్తీక నియమాలూ, చీరమేను అనే సన్న చేపపిల్లల సీజనూ ఒకేసారి రావడం గోదావరి వాళ్ళకి ఏటా పెద్ద పరీక్ష. అమ్మ నెగ్గింది, మావయ్య నెగ్గలేదు.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. పంటు ఇంకా తిరుగుతోందన్నారు గానీ నీరు తీసేసి ఉంది, నేను చించినాడ వంతెన మీదుగానే వచ్చేశాను. 216 జాతీయ రహదారి, దిండి దగ్గర లారీల వెనక కొంత నిదానం, మిగతా అంతా సాఫీ. డీజిల్ కొంచెం ఎక్కువైంది, టెన్షన్ లేదు.

బైకు మీద వెళ్ళేవాళ్ళకి పంటు ఎప్పుడైనా లాభమే. కారుతో అయితే పగలు, పోటు మీద, పెద్దవాళ్ళని ముందే దించి. జూలై, ఆగస్టుల్లో వెళ్తే ఎగువన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద వార్త చూసుకుని బయలుదేరండి. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వరద ఉధృతంగా ఉంటే పంటు కట్టేస్తారు, అప్పుడు చించినాడే గతి. యూపీఐ స్కానర్ గేటు దగ్గర అతికించారు గానీ మేం వెళ్ళినప్పుడు సిగ్నల్ దోబూచులాడింది, చిల్లర జేబులో ఉంచుకోండి.