తెలుగు పోస్టర్‌కి ‘అనేక్ తెలుగు’ ఫాంట్ ఎంతవరకు పనికొస్తుంది?

విజువల్ కమ్యూనికేషన్ విద్యార్థులు తెలుగు పోస్టర్ మొదలుపెట్టేటప్పుడు ముందుగా ప్రయత్నించాల్సిన ఉచిత ఫాంట్ ఇదే. ముంబైకి చెందిన ఏక్ టైప్ రూపొందించింది, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది, అచ్చు పనులకు కూడా డబ్బు కట్టక్కర్లేదు.

అసలు బలం వేరియబుల్ ఫైల్‌లో, అంటే మందం, వెడల్పు మనమే మార్చుకోగల ఒకే ఫాంట్ ఫైల్‌లో ఉంది. మందం 100 నుంచి 800 వరకు, వెడల్పు 75 నుంచి 125 వరకు ఎక్కడైనా ఆపుకోవచ్చు. శీర్షిక పొడవైతే అక్షరాన్ని పక్కలనుంచి నొక్కి వికారం చేయకుండా వెడల్పును 85కి దించితే చాలు. ఏ3 పోస్టర్ శీర్షికకు 800 మందం దూరం నుంచి కూడా నిలబడుతుంది. అదే మందాన్ని వేదిక, తేదీ లాంటి చిన్న వరుసలకు వాడితే ఘ, ఝ, క్ష్మ లాంటి చోట్ల లోపలి ఖాళీలు పూడిపోతాయి. అక్కడ 500 దాటొద్దు.

వరుసల మధ్య ఎడం ఆటోలో వదిలేస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగలొచ్చు. 60 పాయింట్ల అక్షరానికి 84 దగ్గర మొదలుపెట్టి కంటితో సరిచూడాలి. ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నాలోనే ఉంచండి; పెంచితే వత్తులు అక్షరానికి ఎడంగా జరిగే ప్రమాదముంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో, భారతీయ లిపులను సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ‘స్త్రీ’ ముక్కలవుతుంది, అది ఫాంట్ తప్పు కాదు.

ప్రెస్‌కి పంపేముందు అక్షరాలను ఔట్‌లైన్లుగా (ఫాంట్ అవసరంలేని ఆకారాలుగా) మార్చి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో (కత్తిరింపు కోసం అంచు దాటి ఉంచే భాగంతో) పీడీఎఫ్ ఇవ్వండి. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్ల వాడకం ఎక్కువ. అవి యూనికోడ్ పద్ధతివి కావు కాబట్టి, అనేక్‌లో టైప్ చేసిన యూనికోడ్ పాఠ్యాన్ని వాటిలో అతికిస్తే అర్థంలేని గుర్తులొస్తాయి.

కుంచె ఊపు మాత్రం దీనిలో లేదు. నాటకం, జాతర పోస్టర్లకు శీర్షిక చేత్తో రాయించి, మిగతా వివరాలకే దీన్ని వాడటం మేలు.